రెండు చేలు, రెండు రకాల చౌడు: మట్టి పరీక్ష కాగితాన్ని ఎలా చదవాలి?

పర్చూరు పత్తి రైతు

సభ్యులందరికీ నమస్కారం. మాది నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూముల్లో, పర్చూరుకు దగ్గరగా ఉన్న పల్లె. నాకు రెండు చోట్ల నల్లరేగడి పొలం ఉంది. వాగు పక్కన పల్లంలో ఉన్న చేలో వేసవి వచ్చేసరికి నేలమీద తెల్లని పొర తేలుతోంది. పత్తి మొలక అక్కడక్కడా మాడిపోయి ఖాళీలు పడుతున్నాయి. మెరకన ఉన్న చేలో అటువంటి తెలుపు కనిపించదు. కానీ వాన పడితే నీరు ఇంకకుండా రోజుల తరబడి బురదనీరుగానే నిలిచి ఉంటుంది, ఆరిన తరువాత నేల నాగలికి లొంగనంతగా బిగుసుకుపోతుంది. కాలువ నీరు చివరిదాకా అందని సంవత్సరాలలో ఈ మెరక చేనుకు బోరు నీరే పెడుతున్నాను.

రెండు చేల మట్టినీ పరీక్షకు పంపించాను. వచ్చిన కాగితంలో పల్లపు చేనుకు ఉదజని సూచిక (పీహెచ్) 7.9, ఇ.సి. (ఉప్పు ఎంత ఉందో తెలిపే విద్యుత్ వాహకత) 2.6 అని, మెరక చేనుకు ఉదజని సూచిక 9.1, ఇ.సి. 0.7 అని ఉంది. రెండింటికీ చౌడు నేల అనే రాసి, జిప్సం వేయమని ఒకే సలహా ఇచ్చారు. ఎరువుల దుకాణంలో కూడా రెండు చేలకూ ఎకరాకు ఒక టన్ను చొప్పున చాలునంటున్నారు. జిప్సం ధర, బండి కిరాయి, కూలి కలిపితే చిన్న ఖర్చు కాదు. చూడటానికి ఒకదానికొకటి పోలిక లేని ఈ రెండు చేలకూ ఒకే మందు ఎలా సరిపోతుందో తెలిసినవారు చెప్పగలరు.

భూసారం

నమస్కారమండీ. నేను భూసార పరీక్షల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ అనుమానం సరైనదే. మీ పల్లపు చేనుది పాల చౌడు, మెరక చేనుది కారు చౌడు. మొదటిదానిలో సమస్య మట్టి నీటిలో కరిగి ఉన్న ఉప్పు. రెండవదానిలో సమస్య బంకమట్టి రేణువులను పట్టుకుని ఉన్న సోడియం. ఉప్పును నీటితో కడిగి బయటకు పంపాలి. సోడియాన్ని ముందు కాల్షియంతో తప్పించి, ఆ తరువాతే కడగాలి. జిప్సం ఇచ్చేది కాల్షియమే కనుక అది ప్రధానంగా రెండవ చేనుకు మందు. మొదటి చేలో నీరు బయటకు పోయే దారి చూడకుండా జిప్సం వేస్తే డబ్బు నేలపాలు అవుతుంది, ఉప్పు ఉన్నచోటే ఉంటుంది.

అమెరికాలోని రివర్‌సైడ్ లవణ నేలల ప్రయోగశాల వారు 1954లో నిర్ణయించిన హద్దులనే ఇప్పటికీ చాలా దేశాలలో ప్రాతిపదికగా తీసుకుంటారు. సంతృప్త మట్టి ముద్ద (నీరు ఇక పట్టనంతగా తడిపిన మట్టి) నుంచి తీసిన ద్రవంలో ఇ.సి. 4 డెసీసైమన్స్ దాటి, వినిమయ సోడియం (బంకమట్టి పట్టుకున్న అయాన్లలో సోడియం వాటా) 15 శాతానికి లోపు, ఉదజని సూచిక 8.5కు లోపు ఉంటే అది పాల చౌడు. ఇ.సి. 4కు లోపు ఉండి, సోడియం 15 శాతం దాటి, ఉదజని సూచిక సాధారణంగా 8.5 పైన ఉంటే అది కారు చౌడు. ఇ.సి., సోడియం రెండూ హద్దు దాటితే అది రెండూ కలిసిన చౌడు. 1969లో ఏర్పడిన, కర్నాల్‌లోని కేంద్ర లవణ నేలల పరిశోధనా సంస్థ వారు మన నేలల్లో ముద్ద ఉదజని సూచిక 8.2 దాటినప్పటి నుంచే సోడియాన్ని అనుమానించాలని చెబుతారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. మీ కాగితంలోని 2.6 సంతృప్త ముద్ద లెక్క కాదు. మన పరీక్షా కేంద్రాలలో ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీరు కలిపి కొలుస్తారు. అన్ని నీళ్ళు పోస్తే ఉప్పు పలుచబడి అంకె చిన్నదిగా కనిపిస్తుంది. నల్లరేగడి ముద్ద కావడానికి మట్టి బరువులో సుమారు 80 శాతం నీరు పడుతుంది. పరీక్షలో పోసినది 250 శాతం. అంటే అసలు ద్రవం దానికంటే మూడు రెట్లు చిక్కగా ఉంటుంది. మీ 2.6 నిజానికి 8 ప్రాంతంలో ఉన్నట్టు. ఆ అంకెను నాలుగుతో పోల్చి ఫరవాలేదు అనుకుంటే నష్టపోతారు. మెరక చేను 0.7 కూడా ఇలాగే 2 దాటుతుంది, కానీ అది హద్దుకు లోపే.

నల్గొండ ఎడమ కాలువ

భూసారం గారూ, మా కాగితంలో ఇ.సి. 1850 అని ఉంది. ఇది చూసి మా ఇంట్లో అందరూ భయపడుతున్నారు.

భూసారం

అది మైక్రోసైమన్స్ లెక్క అయి ఉంటుందండీ. కాగితం పై వరుసలో కొలమానం చూసుకోండి. వెయ్యితో భాగిస్తే 1.85 డెసీసైమన్స్ అవుతుంది. పాత కాగితాలలో మిల్లీమోస్ అని ఉంటుంది, దానికీ డెసీసైమన్స్‌కూ తేడా లేదు. మట్టికి ఎన్ని వంతుల నీరు కలిపి కొలిచారో కూడా అడిగి తెలుసుకోండి. ఆ రెండూ తెలియకుండా అంకె ఒక్కటే చూసి మంచిదని గాని చెడ్డదని గాని అనలేము.

బాపట్ల విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను మృత్తికా శాస్త్రంలో స్నాతకోత్తర విద్య చదువుతున్నాను. భూసారం గారు చెప్పినదానికి, సోడియం ఎక్కువైన నేల ఎందుకు అలా బిగుసుకుపోతుందో కొంచెం వివరించాలని ఉంది.

బంకమట్టి రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం ఆ ఆవేశానికి అంటుకుని ఉంటాయి. కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు ఉండటంవల్ల అది రేణువులను దగ్గరగా పట్టి ఉంచుతుంది, వాటి మధ్య నీరు, గాలి తిరిగే సందులు నిలుస్తాయి. సోడియానికి ఒకే ఆవేశం. పైగా నీటిని చేర్చుకున్న దాని పరిమాణం దాని ఆవేశంతో పోలిస్తే పెద్దది. అది స్థానం ఆక్రమించిన కొద్దీ రేణువులు ఒకదానినుంచి ఒకటి విడిపోయి నీటిలో తేలతాయి, తేలినవి సందులలో చేరి వాటిని మూసివేస్తాయి. అందువల్లనే మెరక చేలో నీరు ఇంకదు, తేరుకోదు. అదే నీటిలో ఉప్పు కూడా ఎక్కువగా ఉంటే రేణువులు విడిపోకుండా ఆగుతాయి. కాబట్టి రెండూ కలిసిన చౌడు నేల పైకి మెత్తగా, నీరు ఇంకేలాగే కనిపిస్తుంది. అది చూసి జిప్సం లేకుండా కాలువ నీటితో కడిగితే ఉప్పు పోయి సోడియం మిగులుతుంది, నేల కారు చౌడుగా మారుతుంది. చౌడును బాగు చేయబోయి చెడగొట్టుకునే సందర్భాలలో ఇది ముఖ్యమైనది. దీన్ని ముందే పట్టుకోవడానికి సోడియం పరీక్ష తప్ప వేరే దారి లేదు.

ఉదజని సూచిక 9 దాటిందంటే నేలలో సోడియం కార్బొనేటు ఉందని దాదాపు నిర్ధారించుకోవచ్చు. పూర్వం చాకలివారు బట్టలు ఉడకబెట్టడానికి ఏరుకున్న చౌడు మట్టి పనిచేసింది ఆ కార్బొనేటు వల్లనే. అది సేంద్రియ పదార్థాన్ని కరిగించి పైకి తెస్తుంది కనుక కారు చౌడు నేలమీద నీరు నల్లగా, నూనె తేలినట్టుగా కనిపిస్తుంది.

పర్చూరు పత్తి రైతు

అమ్మా, మా చేలో నిలిచిన నీరు అచ్చంగా మీరు చెప్పినట్టే నల్లగా ఉంటుంది. సోడియం పరీక్ష అన్నిచోట్లా చేయరని విన్నాను. దానికి పంపేలోగా ఇంటి దగ్గర చూసుకోగల పరీక్ష ఏదైనా ఉందా?

బాపట్ల విద్యార్థిని

ఉన్నదండీ. ఎమర్సన్ అనే శాస్త్రవేత్త 1967లో ప్రతిపాదించిన పద్ధతి చాలా సులభం. తవ్వి తీసిన చిన్న పొడి మట్టి పెళ్ళను, శనగగింజ పరిమాణంలో, గాజు గ్లాసులో స్వేదన జలం పోసి అందులో మెల్లగా జారవిడవాలి. బ్యాటరీలకు పోసే నీరు గాని, శుభ్రంగా పట్టిన వాననీరు గాని సరిపోతుంది. కదపకుండా వదిలి, పది నిమిషాలకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి చూడాలి. పెళ్ళ విరిగి ముక్కలై అడుగున పడినా నీరు తేటగా ఉంటే అది నానడమే. పెళ్ళ చుట్టూ పాలవంటి మబ్బు కమ్మి నీరంతా మసకబారితే రేణువులు విడిపోతున్నట్టు, అంటే సోడియం పని చేస్తున్నట్టు. బోరు నీటితో మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. ఆ నీటిలోని ఉప్పు రేణువులను విడిపోనివ్వదు, చెడ్డ నేల కూడా మంచిదిగా కనిపిస్తుంది.

రెండవది ఫినాఫ్తలీన్ చుక్కలు. తడి మట్టి మీద వేస్తే గులాబీ రంగు రావడం ఉదజని సూచిక 8.3 దాటిందనడానికి గుర్తు. రంగు ముదిరిన కొద్దీ క్షారం ఎక్కువ. మూడవది పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం. చుక్క వేయగానే బుసబుస పొంగితే నేలలో సున్నం ఉన్నట్టు. ఈ పరీక్ష ఎందుకు అవసరమో తరువాత చెబుతాను. చేతికి, కంటికి తగలకుండా జాగ్రత్త పడాలి.

ఇవి దారి చూపించే పరీక్షలే. జిప్సం ఎన్ని బస్తాలు కావాలో ఇవి చెప్పవు.

మెల్‌బోర్న్ తెలుగు

నేను ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మట్టి, నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. మా స్వగ్రామం చీరాల దగ్గర. ఇక్కడ వినిమయ సోడియం 6 శాతం దాటితేనే సోడియం నేలగా పరిగణిస్తారు, 15 దాకా ఆగరు. ఇక్కడి బంకనేలల మీద పడే వాననీరు, అమెరికా పశ్చిమ ప్రాంతాల కాలువ నీటితో పోలిస్తే, ఉప్పు దాదాపు లేని నీరు. అటువంటి నీరు తగిలితే 6 శాతం సోడియంతోనే రేణువులు విడిపోవడం మొదలవుతుంది. 15 అనేది ప్రకృతి గీసిన గీత కాదని, నీటిని బట్టి, బంకను బట్టి ఆ హద్దు ఎక్కడ పడుతుందో మారుతుందని గుర్తుంచుకోవాలి. మన నల్లరేగడి కూడా బరువైన బంకనేలే. అందుచేత 10, 12 శాతం ఉన్న చేలను మంచివి అని వదిలివేయడం నాకు సమ్మతం కాదు.

భూసారం

మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. నల్లరేగడిలో 15కు తక్కువ శాతంలోనే నీరు ఇంకడం తగ్గడం మన ప్రాంతంలోనూ చూసిన విషయమే. పల్లపు చేను ఫలితాలు వచ్చినప్పుడు ఈ మాట మళ్ళీ పనికివస్తుంది.

పర్చూరు రైతు గారూ, మరోసారి మట్టి తీసేటప్పుడు ఈ పద్ధతి పాటించండి. ఎరువు సలహా కోసం చేలో పదిచోట్ల జానెడు లోతున తీసి కలిపే పద్ధతి చౌడుకు పనికిరాదు. తెల్లగా తేలిన మచ్చ వేరు, పంట బాగున్న భాగం వేరు. రెండూ కలిపితే ఏ భాగానికీ చెందని సగటు వస్తుంది. మచ్చలో ఒక నమూనా, బాగున్న చోట ఒక నమూనా విడిగా తీయండి. పై పొరను పక్కకు గీకి విడి సంచిలో వేయండి. ఆగరుతో (మట్టి తీసే బరమాతో) 0–15, 15–30, 30–60, 60–100 సెంటీమీటర్ల లోతులకు వేరువేరుగా తీయండి. లోతుకు పోయిన కొద్దీ ఉప్పు తగ్గుతుంటే అది కింది నుంచి నీటితో పైకి ఎక్కి పేరుకున్న ఉప్పు. లోతుకు పోయిన కొద్దీ పెరుగుతుంటే వాననీరు, కాలువ నీరు దాన్ని కిందికి నెడుతున్నట్టు. ఈ ఒక్క వరుస చూస్తే చేనుకు మందు కావాలో కాలువ కావాలో చాలావరకు తెలిసిపోతుంది.

ఉప్పు పైకి తేలి ఉండే వేసవిలో, తొలకరికి ముందు తీయడం మంచిది. ఎరువుల ఖాళీ సంచులు వాడవద్దు. ఆగరు వేసిన రంధ్రాన్ని ఒక రోజు అలాగే వదిలి, నీరు ఊరితే ఎంత లోతున ఉన్నదో కొలిచి, ఆ నీటిని కూడా సీసాలో పట్టండి. నీటి మట్టం రెండు మీటర్లలోపు ఉండి అది ఉప్పు నీరైతే, నల్లరేగడిలో అది కేశాకర్షణతో పైకి ఎక్కుతూనే ఉంటుంది. అప్పుడు పై నేలను ఎన్నిసార్లు కడిగినా తాత్కాలికమే.

బోరు నీటి పరీక్షను మరువకండి. మోటారు కాసేపు నడిచాక, సీసాను అదే నీటితో కడిగి, గాలి మిగలకుండా నిండా పట్టి మూత బిగించండి. గాలి మిగిలితే, ఆలస్యమైతే బైకార్బొనేటు కొంత సున్నంగా అడుగున చేరి లెక్క తప్పుతుంది.

జీలుగ పచ్చ

ఇన్ని పరీక్షలు, ఇంత జిప్సం అవసరమా అని నా ప్రశ్న. మేము సహజ పద్ధతిలో సేద్యం చేస్తున్నాము. చౌడు నేలలో జీలుగ చల్లి, పూతకు వచ్చినప్పుడు కలియదున్నితే నేల గుల్లబారుతుందని పెద్దలు చెప్పగా విన్నాము, చేసి చూశాము కూడా. నేలకు బయటి మందు పోయకుండా దానికదే కోలుకునే దారి చూడాలని నా అభిప్రాయం.

బాపట్ల విద్యార్థిని

జీలుగ మీద మీకున్న నమ్మకానికి శాస్త్రీయ ఆధారం ఉంది. ఉప్పును, నీటి నిలువను తట్టుకునే పచ్చిరొట్ట పైర్లలో అది మేలైనది. వేర్లు, కుళ్ళే రొట్ట విడిచే బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నాన్ని కరిగిస్తుంది, కరిగిన సున్నం నుంచి కాల్షియం వచ్చి సోడియాన్ని తప్పిస్తుంది. అందుకే ఆమ్లపు చుక్క పరీక్ష చెప్పాను: సున్నం ఉంటేనే ఈ మేలు జరుగుతుంది. మన నల్లరేగడిలో సున్నపు గుండ్లు సాధారణంగా ఉంటాయి.

అయితే ఉదజని సూచిక 9.1 ఉన్న చోట సున్నం చాలా నెమ్మదిగా కరుగుతుంది, జీలుగ కూడా ఏపుగా పెరగదు. అక్కడ ముందు జిప్సం వేసి, ఆ తరువాత జీలుగ వేస్తే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. 8.5 ప్రాంతంలో ఉన్న నేలకు మాత్రం మీ పద్ధతి ఒక్కటే చాలవచ్చు. ఏది మీ చేనుది అన్నది పరీక్షే చెప్పాలి కదండీ.

జీలుగ పచ్చ

సున్నం లేని నేలలో జీలుగ ఒక్కదానితో పని జరగదన్న విషయం నాకు కొత్తగా తెలిసింది. మా చేలో రెండు చోట్ల ఫలితం వేరుగా రావడానికి కారణం ఇదే కావచ్చు. ఆమ్లపు చుక్క వేసి చూస్తాను.

దివిసీమ

మాది కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరి ఊరు. 1977 నవంబరు 19 ఉప్పెనలో సముద్రపు నీరు మా పొలాల మీదుగా పోయింది. ఆ తరువాత వరి మళ్ళీ నిలదొక్కుకోవడానికి కాలువ నీటితో మడులు నింపి తీయడమే మార్గమైందని మా నాన్నగారు చెప్పేవారు. ఇప్పుడు ఊరి చుట్టూ రొయ్యల చెరువులు వచ్చి, పక్క చేలలోకి ఉప్పు నీరు ఊటగా దిగుతోంది. మా నేలను పాల చౌడు అనుకోవాలా?

మెల్‌బోర్న్ తెలుగు

సముద్రపు నీటిలో సోడియం లీటరుకు సుమారు 468 మిల్లీ ఈక్వివలెంట్లు (అయాన్లను వాటి ఆవేశం లెక్కన కొలిచే కొలమానం) ఉంటే, కాల్షియం, మెగ్నీషియం కలిపి 127 ఉంటాయి. సోడియం అంకెను, ఆ రెండింటి మొత్తంలో సగానికి వర్గమూలం తీసి దానితో భాగిస్తే వచ్చేదాన్ని సోడియం శోషణ నిష్పత్తి అంటారు. ఇక్కడ 468ని 8తో భాగించినట్టే, అంటే 60కి దగ్గర. మట్టి ముద్ద ద్రవంలో ఈ నిష్పత్తి 13 దాటితేనే సోడియం నేల అంటారు. కాబట్టి సముద్రపు నీరు ముంచిన నేలలో ఉప్పుతో పాటు సోడియం కూడా చేరుతుంది. రొయ్యల చెరువులలో కలిపి పలుచన చేసిన నీరు ఉన్నా స్వభావం అదే. ఇ.సి. ఒక్కటే చూపించుకుని ఊరుకోకుండా సోడియం, కాల్షియం, మెగ్నీషియం మూడూ కొలిపించుకోండి.

దివిసీమ

కృతజ్ఞతలు. వరిలో ఉప్పును తట్టుకునే రకాలు వేస్తున్నాము. మచిలీపట్నం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎం.సి.ఎం. 100 మా ఊరిలో కొందరు వేశారు.

పర్చూరు పత్తి రైతు

కొంత ఆలస్యమైనా, మీరు చెప్పిన పద్ధతిలో మట్టి, నీరు తీసి సోడియంతో సహా పరీక్ష చేయించాను. ఈసారి సంతృప్త ముద్ద పద్ధతిలోనే చేయమని అడిగాను. ఫలితాలు ఇవి.

పల్లపు చేను మచ్చలో: పై 15 సెంటీమీటర్లలో ఇ.సి. 8.4, దాని కింద 6.1, 30–60 లోతున 4.9. పై మట్టి ముద్ద ద్రవంలో సోడియం లీటరుకు 46 మిల్లీ ఈక్వివలెంట్లు, కాల్షియం, మెగ్నీషియం కలిపి 40. ఆగరు రంధ్రంలో మీటరున్నర లోతున నీరు ఊరింది, నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంది.

మెరక చేలో: ఇ.సి. 2.1, ముద్ద ఉదజని సూచిక 8.8, సోడియం 19, కాల్షియం, మెగ్నీషియం కలిపి 1.8. వినిమయ సోడియం 22 శాతం, అయాన్ల వినిమయ సామర్థ్యం (మట్టి పట్టుకోగల అయాన్ల మొత్తం) 40. బోరు నీటిలో కార్బొనేటు, బైకార్బొనేటు కలిపి 9.5, కాల్షియం, మెగ్నీషియం కలిపి 4.

పెళ్ళ పరీక్ష కూడా చేశాను. మెరక చేను గ్లాసు పూర్తిగా మసకబారింది, పల్లపు చేను గ్లాసు తేటగా ఉంది.

భూసారం

చాలా శ్రద్ధగా చేశారు. ఇప్పుడు మాట్లాడటానికి గట్టి ఆధారం దొరికింది.

ముందు మెరక చేను. 19ని 0.9 వర్గమూలంతో భాగిస్తే సోడియం నిష్పత్తి 20 వస్తుంది. 22 శాతం వినిమయ సోడియానికి అది సరిగ్గా జోడు. రెండు వేరు కొలతలు ఒకదానినొకటి సమర్థిస్తున్నాయి కనుక పరీక్షను నమ్మవచ్చు. దీన్ని 22 నుంచి 12 శాతానికి దించాలనుకుందాం. సామర్థ్యం 40లో పది శాతం, అంటే వంద గ్రాముల మట్టికి 4 మిల్లీ ఈక్వివలెంట్లు. ఒక్కొక్క మిల్లీ ఈక్వివలెంటుకు పై 15 సెంటీమీటర్లలో ఎకరాకు సుమారు 700 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. అంటే 2.8 టన్నులు. దొరికే జిప్సం స్వచ్ఛత 80 శాతమైతే 3.5 టన్నులు. ఒకేసారి అంతా వేయనక్కరలేదు. లెక్కకు వచ్చినదానిలో సగంతో మొదలుపెట్టి, పంట తరువాత మళ్ళీ పరీక్ష చేయించి మిగిలినది నిర్ణయించుకోవడం ఖర్చుకు, నేలకు మంచిది. దుకాణదారు చెప్పిన ఒక్క టన్ను ఆ సగానికి కూడా చాలదు.

జిప్సం కరగడానికి నీరు కావాలన్న సంగతి చాలామంది పట్టించుకోరు. లీటరు నీటిలో కరిగేది రెండున్నర గ్రాములే. ఆ లెక్కన టన్ను కరగాలంటే ఎకరా మీద 10 సెంటీమీటర్ల నీరు నిలవాలి. చేనును చిన్న మడులుగా కట్టి, చదును చేసి, పొడి జిప్సాన్ని పై పదిసెంటీమీటర్లలో కలిపి, నీరు నిలిపి, ఇంకిన తరువాత మళ్ళీ నిలపాలి. విడుదలైన సోడియం సల్ఫేటు రూపంలో నీటితో కిందికో బయటికో పోవాలి. మడి అంచున మురుగు కాలువ లేకపోతే అది పోదు.

ఇక మీ బోరు. 9.5 నుంచి 4 తీసివేస్తే మిగిలేది 5.5. ఈ మిగులు కార్బొనేటు 1.25 లోపు ఉంటే నిర్భయంగా వాడవచ్చు, 2.5 దాటితే పనికిరాదని చెబుతారు. మీ మెరక చేనును ఏటేటా కారు చౌడుగా మార్చింది ఈ నీరేనని నా అభిప్రాయం. నేలను బాగుచేసి మళ్ళీ ఇదే నీరు పెడితే నాలుగైదు పంటలకు మొదటికి వస్తారు. కాలువ నీరు ఉన్న కాలంలో జిప్సం పని ముగించుకోండి. బోరు తప్పనిసరి అయితే నీటిని జిప్సం గడ్డలు పేర్చిన తొట్టి మీదుగా పారించండి. 5.5ను 2.5కు దించడానికి, 5 సెంటీమీటర్ల తడికి ఎకరాకు 50 కిలోలకు పైగా జిప్సం కరగాలి.

మెల్‌బోర్న్ తెలుగు

పల్లపు చేను గురించి నేను ఒక మాట చెబుతాను. 46ను 20 వర్గమూలంతో భాగిస్తే 10.3. పుస్తకం ప్రకారం ఇది పాల చౌడే. కానీ గ్లాసు తేటగా ఉండటానికి మట్టిలో ఉన్న ఉప్పు కారణం కావచ్చు. అదే పెళ్ళను గుడ్డలో కట్టి స్వేదన జలంలో పలుమార్లు నానబెట్టి, ఉప్పు కడిగిన తరువాత ఆరబెట్టి మళ్ళీ గ్లాసులో వేసి చూడండి. అప్పుడు మసకబారితే, ఈ చేనుకు కూడా కడిగే నీటితో పాటు కొద్దిపాటి జిప్సం అవసరం.

నల్గొండ ఎడమ కాలువ

మీటరున్నరలో ఉప్పు నీరు ఉంటే కడిగి ఏమి ప్రయోజనమని సందేహం.

భూసారం

సరైన సందేహం. ఇ.సి. వరుస 8.4, 6.1, 4.9గా పైకి వచ్చిన కొద్దీ పెరుగుతోంది. అంటే ఉప్పు కింది నీటి నుంచే ఎక్కుతోంది. కాబట్టి ముందు ఆ నీటి మట్టం దిగాలి. వాగు పక్కనే ఉంది కనుక చేను చుట్టూ లోతైన మురుగు కాలువ తీసి వాగులోకి కలపడం మొదటి పని. పక్క రైతులు కూడా కలిసివస్తేనే ఇది నిలుస్తుంది. ఒక్కరి చేలో మట్టం తగ్గదు. భూమిలో రంధ్రాల గొట్టాలు పరిచి ఉప్పు నీటిని తోడివేసే పద్ధతిని బాపట్లలోని పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు సాగర్ కుడి కాలువ కింద కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరులో నెదర్లాండ్స్ సహకారంతో అమలుచేసి చూపించారు. మీకు అవి దగ్గరే. వెళ్ళి చూసి రండి.

మురుగు దారి ఏర్పడిన తరువాత, ఎంత లోతు నేలను కడగాలో సుమారు అంత లోతు నీరు దాని గుండా పోతే ఉప్పులో ఎనభై శాతం దాకా తగ్గుతుంది. బరువు నేలలో ఇంకొంచెం ఎక్కువ పట్టవచ్చు. ఒకేసారి నిలపడంకంటే విడతలుగా పెట్టి ఇంకనిస్తే నీరు ఆదా అవుతుంది.

అప్పటివరకు ఆ చేలో పత్తి మాత్రమే కొంత నిలుస్తుంది. పత్తి ఇ.సి. 7.7 దాకా దిగుబడి తగ్గకుండా ఓర్చుకుంటుంది, అయితే మొలక దశలో మాత్రం దానికీ కష్టమే. మీరు చూస్తున్న ఖాళీలు అందుకే. వరి 3 దాటితే ఒక్కొక్క యూనిట్‌కు 12 శాతం చొప్పున నష్టపోతుంది, అంటే మీ 8.4లో మూడో వంతు పంటే మిగులుతుంది. మిరప దిగుబడి 1.5 దాటగానే తగ్గడం మొదలవుతుంది కనుక ఆ చేలో దాని ఆలోచన వద్దు.

పర్చూరు పత్తి రైతు

రెండు చేలకు రెండు వేరు పనులన్నది ఇప్పుడు స్పష్టమైంది. పల్లపు చేను పెళ్ళను కడిగి మళ్ళీ గ్లాసులో వేశాను; రెండు గంటలకు అంచున పలుచని మబ్బు కనిపించింది, నీరంతా మసకబారలేదు. మురుగు కాలువ విషయం పక్క చేల వారితో మాట్లాడాను. ముగ్గురు ఒప్పుకున్నారు, ఒకరు ఆలోచిస్తానన్నారు. మెరక చేలో జిప్సం తరువాత జీలుగ వేసి, ఆపై వరి వేయాలనుకుంటున్నాను. వరిలో ఏమి జాగ్రత్త తీసుకోవాలి?

భూసారం

పలుచని మబ్బు వచ్చింది కనుక పల్లపు చేనును కడగడం మొదలుపెట్టేముందు ఎకరాకు కొన్ని వందల కిలోల జిప్సం చల్లుకోండి. అంతకు మించి అక్కడ ఖర్చు పెట్టవద్దు.

మెరక చేలో వరికి ముదురు నారు వాడండి, కుదురుకు మొక్కల సంఖ్య పెంచి దగ్గరగా నాటండి. క్షారం ఎక్కువైన చోట జింకు మొక్కకు అందదు. చివరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి, జిప్సంతోనూ భాస్వరపు ఎరువుతోనూ కలపకుండా విడిగా. యూరియాలోని నత్రజని అమ్మోనియాగా గాలిలోకి పోయే నష్టం ఈ నేలల్లో ఎక్కువ కనుక, సిఫారసు చేసిన నత్రజనిని పాతిక శాతం పెంచి చిన్న దఫాలుగా ఇవ్వండి. భాస్వరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేటు మేలు, అందులో కొంత జిప్సం కూడా కలిసి ఉంటుంది.

వరి కోసిన తరువాత, నేల తడి ఆరగానే, మొదట తీసిన చోటుకు పక్కనే అవే లోతులలో నమూనాలు తీసి అదే ప్రయోగశాలకు, అదే పద్ధతిలో పరీక్షకు పంపండి. పద్ధతి మారితే రెండు అంకెలను పోల్చలేము. మిగిలిన సగం జిప్సం ఎంత వేయాలో ఆ కాగితం చూసి లెక్కకడదాం.